‘ఇతరుల సాయం’ అంటే ఎవరి సాయం? – వృద్ధుల ఆరోగ్య అంచనా ప్రశ్నలు, శిరివెళ్ల ప్రాంతపు తెలుగు

వ్యాససంగ్రహం

అరవై ఏళ్లు దాటినవారి ఆరోగ్యాన్ని ఇంటి గడప దగ్గరే అంచనా వేసేందుకు ప్రాథమిక వైద్య వ్యవస్థ ఒక ప్రశ్నావళిని వాడుతోంది. ఆ ప్రశ్నల మూలం ఆంగ్లం. జవాబు చెప్పేవారి భాష తెలుగు. నంద్యాల జిల్లా శిరివెళ్ల ప్రాంతపు వాడుకను ఆధారం చేసుకుని, ఆ ప్రశ్నలు తెలుగులోకి వచ్చేటప్పుడు అర్థం ఎక్కడ తప్పుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బంధుత్వం, మర్యాద, విభక్తి, క్రియల వాడుక అనే భాషా విషయాలు ఒక వృద్ధురాలిని వైద్యుని దగ్గరకు పంపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఎలా మారుస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: వృద్ధాప్యం, ప్రాథమిక వైద్యం, ప్రశ్నావళి, అనువాదం, రాయలసీమ మాండలికం, శిరివెళ్ల, ఆశా కార్యకర్త.

1. ఉపోద్ఘాతం

శిరివెళ్ల నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో ఉన్న మండల కేంద్రం. ఆళ్లగడ్డ శాసనసభ నియోజకవర్గంలో భాగం. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఆనాటి నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. తూర్పున నల్లమల, పడమట నల్లరేగడి చేలు. ఇటువంటి మండలాల్లో వృద్ధుల ఆరోగ్యాన్ని మొదట చూసేది వైద్యుడు కాదు, ఆశా కార్యకర్త. ఆమె చేతిలో సీబ్యాక్ అని వ్యవహరించే ‘సమాజ ఆధారిత అంచనా పత్రం’ ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఆ పత్రాన్ని నింపాలి. అరవై దాటినవారికి అందులో ప్రత్యేకంగా నాలుగు ప్రశ్నలున్నాయి. నిలబడినప్పుడో నడిచేటప్పుడో పట్టు తప్పుతోందా? కదలికను అడ్డుకునే వైకల్యం ఉందా? తినడం, బట్టలు కట్టుకోవడం, స్నానం, నడక, మరుగుదొడ్డి వంటి రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా? దగ్గరివారి పేర్లనో ఇంటి చిరునామానో మరచిపోతున్నారా?

‘అవును’ అన్న జవాబు వస్తే ఆ వ్యక్తి పై పరీక్షలకు వెళ్లే దారి తెరుచుకుంటుంది. ‘లేదు’ అంటే పత్రం అక్కడితో మూసుకుంటుంది. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి వృద్ధుల క్లినిక్ నడవాలని నిర్దేశించింది. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఇన్ని అంచెలున్న ఈ వ్యవస్థలోకి ప్రవేశం మాత్రం గడప దగ్గర అడిగే ఒక తెలుగు వాక్యం మీద ఆధారపడింది. ఆ వాక్యాన్ని వైద్యశాస్త్రం తన పరికరంగా చూస్తుంది. దాన్ని తెలుగు వాక్యంగా చూడవలసినవారు ఇప్పటిదాకా దాని జోలికి పెద్దగా వెళ్లలేదు.

ఇక్కడి పరిశీలన ప్రశ్నల ఆంగ్ల మూలంలోని భావాన్ని తీసుకుని, అది తెలుగులోకి రాగల రూపాలను ప్రాంతపు వాడుకతో పోల్చి చూడటం వరకే పరిమితం.

2. ‘ఇతరులు’

నాలుగు ప్రశ్నల్లో మూడోది ప్రధానమైనది. దీని వెనుక సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రకటించిన రోజువారీ పనుల సూచిక ఉంది. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, పక్క మీది నుంచి లేవడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషి ఎన్నింటిని సొంతంగా చేసుకోగలడో అది లెక్కిస్తుంది. క్లీవ్‌లాండ్ నగరంలోని ఒక ఆసుపత్రిలో, తుంటి ఎముక విరిగిన రోగులు కోలుకునే క్రమాన్ని గమనిస్తూ దాన్ని రూపొందించారు. అక్కడ సాయం చేసేది నర్సు. రోగికి ఆమె ‘ఇతరురాలే’.

‘రోజువారీ పనులకు మీకు ఇతరుల సహాయం అవసరమా?’ అని తెలుగులో అడిగితే వ్యాకరణం తప్పు లేదు. నిఘంటువు తప్పు లేదు. అయితే తెలుగు వాడుకలో ‘ఇతరులు’ అన్న మాటకు గిరి ఉంది. కోడలు ఇతరురాలు కాదు. కూతురు, మనవరాలు, పక్కింట్లో ఉండే తమ్ముని భార్య కూడా కారు. ఇతరులంటే బయటివారు, పరాయివారు. కోడలు నీళ్లు తోడి పోస్తే, మనవడు చేయి పట్టుకుని దొడ్డివైపు తీసుకెళ్తే, ఆ అవ్వ ‘ఇతరుల సాయమా? ఏం లేదమ్మా’ అంటుంది. ఆమె అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది. పత్రంలో మాత్రం ఆమె పూర్తిగా స్వతంత్రురాలిగా నమోదవుతుంది.

ప్రశ్నావళుల అనువాదంలో ‘తిరుగు అనువాదం’ అన్న పద్ధతి ప్రసిద్ధం. ఒకరు ఆంగ్లం నుంచి తెలుగులోకి మారుస్తారు. మూలం చూడని మరొకరు తెలుగు నుంచి ఆంగ్లంలోకి మారుస్తారు. రెండు ఆంగ్ల పాఠాలూ కలిస్తే అనువాదం నెగ్గినట్లు. ‘ఇతరుల సహాయం’ ఈ పరీక్షలో ఏ ఇబ్బందీ లేకుండా నెగ్గుతుంది, ఎందుకంటే రెండు దిక్కులా నిఘంటువు ఒకే సమానార్థకాన్ని ఇస్తుంది. ఈ పద్ధతి పదాన్ని పరీక్షిస్తుంది. ఆ పదం చుట్టూ ఒక సమాజం గీసుకున్న బంధుత్వపు గీత దానికి కనబడదు. అనువాదం ‘ధ్రువీకృతమైనది’ అన్న ముద్ర పడ్డాక దాన్ని ప్రశ్నించేవారూ ఉండరు. కాబట్టి ఈ తప్పు మామూలు అనువాద దోషం కన్నా ప్రమాదకరమైనది.

ఇదే పనిని వాడుక వేరే మాటలతో చెప్పుకుంటుంది. స్నానాన్ని ఈ ప్రాంతంలో ‘నీళ్లు పోసుకోవడం’ అంటారు. ‘పోసుకుంటావా, పోయించుకుంటావా?’ అన్న ప్రశ్నలో తెలుగు ప్రేరణార్థక ప్రత్యయం కాట్జ్ సూచిక చేసే పనినంతా చేస్తోంది. ‘ఇతరుల సహాయం’ అన్న నామపదబంధం మోయలేని భేదాన్ని ‘ఇంచు’ ప్రత్యయం తేలికగా మోస్తుంది. కట్టుకోవడం–కట్టించుకోవడం, లేవడం–లేపించుకోవడం అన్నవీ ఇలాంటివే. మరుగుదొడ్డి విషయంలో ‘బయటికి పోవడం’ అన్న మర్యాద మాట వాడుకలో ఉంది. పత్రంలోని మాట కన్నా ఆ మాటకు అవ్వ సిగ్గుపడకుండా జవాబిస్తుంది.

తినడం దగ్గర మాత్రం వాడుక కూడా చిక్కు తెస్తుంది. ‘అన్నం ఎవరు పెడతారు?’ అంటే ‘వడ్డించేది ఎవరు’ అనీ, ‘పోషించేది ఎవరు’ అనీ రెండర్థాలు. ‘కొడుకు అన్నం పెట్టడం లేదు’ అన్న వాక్యం చేతి శక్తికి చెందినది కాదు, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టానికి చెందినది. ఆశా కార్యకర్తకు కావలసింది ‘తినిపించడం’ గురించిన సమాచారం. ‘పెట్టడం’ అన్న మాటతో అడిగితే కుటుంబ తగాదా బయటపడుతుంది, లేదా దాన్ని దాచడానికి అబద్ధం పుడుతుంది.

పైగా ఈ ప్రశ్నలు ఒంటరిగా ఉన్నప్పుడు అడిగేవి కావు. నీళ్లు పోసే కోడలు అక్కడే గడపలో నిలబడి ఉంటుంది. ‘ఆమె పోస్తే తప్ప నాకు కాదు’ అని అత్త అంటే అది కృతజ్ఞతగా వినిపించవచ్చు, ఫిర్యాదుగానూ వినిపించవచ్చు. ఏదీ వినిపించకుండా ‘ఎట్లో చేసుకుంటాండా’ అనేయడం ఆ ఇంటి శాంతికి మేలు.

3. పేరు, చిరునామా, తేదీ

మరపును పట్టుకునే ప్రశ్నలో రెండు కొలతలున్నాయి: దగ్గరివారి పేర్లు, ఇంటి చిరునామా. రెండూ ఈ ప్రాంతపు పాత తరానికి సరిపడవు.

పాత తరం స్త్రీలు భర్త పేరు పలకరు. పలకవలసివస్తే పక్కవారిని చెప్పమంటారు, లేదా ‘ఫలానా వాళ్ల నాయన’ అంటారు. ఈ ఆచారం ఎరగని కొత్త ఉద్యోగికి ఆ మౌనం మరపుగా కనిపించే అవకాశం ఉంది. ఆచారం తెలిసినవారికి ఎదురు సమస్య: నిజంగా పేరు మరచిన స్త్రీ కూడా ఆ ఆచారం చాటున దాగిపోతుంది. పిల్లల్ని పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలిచే ఇంట్లో అసలు పేర్లు రేషను కార్డులో తప్ప వాడుకలో ఉండవు. చిరునామా సంగతీ అంతే. ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండదు. ఇల్లు ఫలానా గుడి వెనక, ఫలానా వాళ్ల కళ్లం పక్కన ఉంటుంది. ఆ గుర్తులు చెప్పగలిగితే చాలదా? చాలుతుందని ఏ పత్రమూ స్పష్టంగా చెప్పదు. నింపేవారి విచక్షణకు వదిలేస్తుంది.

తేదీకి సంబంధించిన ప్రశ్న ఇంకా క్లిష్టం. ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ 1975లో ప్రకటించిన మానసిక స్థితి పరీక్షలో సంవత్సరం, రుతువు, తేదీ, వారం, నెల అడుగుతారు. రాసిన వాక్యాన్ని చదివి ఆ ప్రకారం చేయమంటారు. అక్షరం రాని మనిషి అందులో తెలివి తక్కువగా తేలుతాడు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో పనిచేసిన గంగూలీ బృందం 1995లో ఈ పరీక్షకు హిందీ రూపాన్ని ప్రకటించింది. వారు అనువాదంతో ఆగలేదు. కళ్లు మూసుకోమని కాగితం మీద రాసి చూపే బదులు, అడిగేవారు తాము కళ్లు మూసి, తమలాగే చేయమన్నారు. అదే ప్రాంతంలో 1999లో ఫిల్లెన్‌బామ్ తదితరులు నిరక్షరాస్యులైన గ్రామీణ వృద్ధుల కోసమే రోజువారీ పనుల కొలతను విడిగా తయారుచేశారు. పరికరాన్ని భాషకు తగినట్లు మార్చాలే కాని భాషను పరికరానికి అతికించకూడదన్న వివేకం ఆ రెండు పనుల్లోనూ కనిపిస్తుంది.

రాయలసీమ పల్లెల్లో కాలాన్ని కొలిచే గుర్తులు వేరు: అమావాస్య, ఉగాది, మతాలకు అతీతంగా అందరూ కలిసే పీర్ల పండుగ, కె.సి. కాలువకు నీళ్లు వదలడం. ‘పీర్ల పండుగ అయి ఎన్నాళ్లయింది?’ అన్నదానికి సరిగా జవాబిచ్చిన వృద్ధునికి కాలస్పృహ లేదనడం కష్టం. ఈ మధ్య ఇంకో గుర్తు చేరింది. పింఛను ప్రతినెలా ఒకటో తేదీన ఇంటికే వస్తోంది కనుక, నెల తిరిగిన సంగతి క్యాలెండరు ఎరగనివారికీ తెలుస్తోంది.

ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే కుటుంబాలున్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే వృద్ధురాలిని బజారు భాషలో మాత్రమే పరీక్షిస్తే ఆమె జ్ఞాపకశక్తిలో సగాన్నే పరీక్షించినట్లు.

4. ‘చదవడంలో ఇబ్బంది’, ‘తూలడం’, ‘నిరాశ’

అదే పత్రంలో అందరికీ వర్తించే భాగంలో చదవడంలో ఇబ్బంది ఉందా అన్న ప్రశ్న ఉంది. చూపు తగ్గడాన్ని గుర్తించడం దాని ఉద్దేశం. చదువురాని వృద్ధురాలికి చదవడంలో ఇబ్బంది ఏముంటుంది? ‘నాకు చదువే రాదు కదమ్మా’ అంటుంది. ‘లేదు’ అన్న గడిలో గుర్తు పడుతుంది. బియ్యంలో రాళ్లు అగుపడుతున్నాయా, సూదిలో దారం ఎక్కించగలవా అన్నవి అదే చూపును కొలిచే ప్రశ్నలు. పెద్ద పరిశోధన అవసరం లేని ఈ మార్పు ఇంతకాలం జరగకపోవడం ఆశ్చర్యమే.

నడకలో పట్టు తప్పడాన్ని ‘తూలడం’ అంటే పెద్దాయనకు కోపం రావచ్చు, తూలేది తాగినవాడు కనుక. ‘కళ్లు తిరగడం’ అంటే అది వేరే లక్షణం, వైద్యంలో దాని దారి వేరు. ‘కాలు నిలబడటం లేదా?’ అన్నది దగ్గరగా వస్తుంది. వృద్ధులు పడిపోవడం ఎంత పెద్ద సమస్యో తెలిసి కూడా, ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారని ఆ నాలుగు ప్రశ్నల్లో సూటిగా అడగకపోవడం భాషతో సంబంధం లేని లోపం. పడిపోయిన రోజును ఇంటిల్లిపాదీ గుర్తుంచుకుంటారు. ఆ జవాబు నమ్మదగినది.

వృత్తికి సంబంధించిన ప్రశ్నలో పంట చెత్త కాల్చడం, ఇటుక బట్టీలు, గాజు కర్మాగారాలు ఉదాహరణలుగా ఉన్నాయి. శిరివెళ్లకు పొరుగునే ఉన్న ఆళ్లగడ్డ శిల్పకళ భౌగోళిక గుర్తింపు పొందినది. ఉలితో, ఇటీవల యంత్రాలతో, రాతి ధూళిలో జీవితమంతా గడిపిన శిల్పికి ఆ ఉదాహరణల్లో తన పని కనిపించదు. ఉదాహరణకు లొంగని జీవితం నమోదు కాదు.

మనసు సంగతి చివరి భాగంలో వస్తుంది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, ఆనందం తగ్గాయా, దిగాలుగానో నిరాశగానో అనిపించిందా అన్న రెండు ప్రశ్నలకు ‘అసలు లేదు’ నుంచి ‘దాదాపు ప్రతిరోజూ’ వరకు నాలుగు మెట్లలో జవాబివ్వాలి. ఆంగ్లంలో ఈ అనుభూతికి కర్త మనిషి. తెలుగులో అనుభూతి మనిషికి కలుగుతుంది. ‘నాకు’ అన్న చతుర్థీ రూపమే దానికి సహజం. ‘మీరు నిరాశను అనుభవిస్తున్నారా?’ అన్నది ఆంగ్ల కర్తను తెలుగులో బలవంతంగా నిలబెట్టిన వాక్యం. అందులో నేరం అడుగుతున్న ధ్వని ఉంది. సీమ వాడుకలో ‘దిగులు’ ఒక్కోసారి భయాన్నీ సూచిస్తుంది. ‘బేజారు’ విసుగునూ బాధనూ కలుపుకుంటుంది. ‘బువ్వ సయించడం లేదు’, ‘దేనిమీదికీ మనసు పోవడం లేదు’, ‘పానం బాగలేదు’ అన్న మాటల్లో శరీరం, మనసు విడివడవు. ‘పానం బాగలేదు’ అన్న ఫిర్యాదును నొప్పి మాత్రతో తీర్చి పంపడం చాలాచోట్ల జరిగేదే. ఆ వాక్యం ఏ గడికి చెందుతుందో పత్రంలో ఉండదు మరి.

5. అడిగేవారెవరు

ఈ చిక్కులన్నీ ఉన్నా పని నడుస్తోందంటే కారణం ఆశా కార్యకర్త. 2005లో మొదలైన ఈ వ్యవస్థలో ఆమె ఆ ఊరి మనిషే. అచ్చులో ‘మీరు’ అని ఉన్నదాన్ని ఆమె ‘అవ్వా, నువ్వు’ అని మారుస్తుంది. జేజి, పెద్దమ్మ, పెద్దాయన అని వరస కలుపుతుంది. ‘మీరు’ ప్రభుత్వం మాట్లాడే మాట. ‘నువ్వు’ ఇంటి మాట. ఆ మార్పుతో జవాబూ మారుతుంది. ఆమె అసలైన అనువాదకురాలు. అయితే ఆమె చేసే అనువాదం ఎక్కడా నమోదు కాదు. శిరివెళ్లలో ఒకరు అడిగినదీ, గోవిందపల్లెలో మరొకరు అడిగినదీ ఒకే ప్రశ్న అన్న హామీ లేదు. గణాంకాల్లో మాత్రం రెండూ ఒకే గడిలో చేరతాయి.

ప్రమాణీకరణను కోరే పరిశోధకుల వాదనకు ఇక్కడ బలం ఉంది. 2017–18లో 72 వేల మందికి పైగా నలభై అయిదేళ్లు దాటినవారిని కలిసిన లాసి సర్వే, దాని అనుబంధంగా జరిగి అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి చిత్తవైకల్యం ఉందని అంచనా వేసిన అధ్యయనం, ప్రశ్నలు దేశమంతటా ఒకే అర్థంతో ఉంటేనే సాధ్యం. ప్రతి మండలానికీ ఒక మాండలిక పత్రం తయారుచేస్తే పోలిక కుదరదు. కాని పోల్చవలసింది అర్థాన్నే అయితే, ‘ఇతరుల సహాయం’ అన్న ఏకరూప వాక్యం ఆ ఏకార్థాన్ని ఇవ్వడం లేదన్నదే పైన చూసిన విషయం. ఏ పని అడగాలో, దేన్ని ‘అవును’గా లెక్కించాలో స్థిరంగా ఉంచి, అడిగే మాటకు ప్రాంతానికి రెండు మూడు పరీక్షించిన రూపాలు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోనే వెలువడింది. నాగలి భాగాలకు జిల్లా జిల్లాకూ తిరిగి పదాలు సేకరించిన సంప్రదాయం తెలుగు శాఖలకు ఉంది. ముసలితనపు నొప్పులకు ఆ శ్రమ ఎక్కువనిపించడానికి కారణం కనబడదు.

అడిగే సందర్భానికీ అర్థం ఉంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. కాగితం పట్టుకుని ఇంటికొచ్చి ‘కదలగలవా, లేవగలవా?’ అని అడిగితే, అది ఏ సర్వేనో వేరుచేసి తెలుసుకోవడం వృద్ధులకు కష్టం. జవాబు ఒంటి స్థితిని బట్టి కాక, ఆ కాగితం వెనుక ఏముందన్న ఊహను బట్టి పెరగవచ్చు, తరగవచ్చు. ప్రశ్నకు ముందు ‘ఇది పింఛనుకు కాదు, నీ ఒంటి బాగుకు’ అన్న వాక్యం ఒకటి అచ్చులో ఉండటం అవసరం.

6. ఆడటం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదికలో వృద్ధాప్య ఆరోగ్యాన్ని జబ్బుల లెక్కతో కాక, మనిషి తనకు విలువైనది చేసుకోగల సామర్థ్యంతో నిర్వచించింది. దీన్ని కొత్త ఆలోచనగా వైద్యలోకం ఆహ్వానించింది. తెలుగు ఇంటి మాటల్లో ‘కాలూ చేయీ ఆడినన్నాళ్లు’ అన్న కొలత ఎప్పటినుంచో ఉంది. ‘ఆడు’ ఇక్కడ చెప్పుకోదగ్గ క్రియ. చేయి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, గాలి ఆడుతుంది, మాటనూ ఆడతారు. కదలిక, శ్వాస, సంభాషణ మూడూ దానిలో ఇముడుతాయి. ‘కాలూ చేయీ ఆడుతున్నాయా?’ అన్న పలకరింపుకు వృద్ధులు ఇచ్చే జవాబు ఒక ముక్కతో ఆగదు, కథగా సాగుతుంది. ఆ కథలో పత్రానికి కావలసినవి సగం దొరుకుతాయి. అయితే ఈ నుడికారాన్ని మరీ కీర్తించకూడదు. ఆడినన్నాళ్లు సరే, ఆడటం మానేశాక ఏమిటన్నదానికి ఆ మాటలో చోటు లేదు. ఒకరితో చేయించుకోకుండా పోవాలన్న కోరికే దానికి కొనసాగింపు. ‘వయసు మీద పడింది, ఏముంటుంది’ అంటూ చికిత్స ఉన్న లక్షణాలను కూడా సహజమని వదిలేసే అలవాటుకు అదే భాష ఊతమిస్తుంది.

ఆ సంస్థే 2019లో ప్రాథమిక వైద్య కార్యకర్తల కోసం ఒక కరదీపికను విడుదల చేసింది. జ్ఞాపకం, కదలిక, పోషణ, చూపు, వినికిడి, మనసు అనే ఆరింటిని అది త్వరగా పరీక్షిస్తుంది. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవడం ఒక పరీక్ష. నులకమంచం, అరుగు, నేల తప్ప కుర్చీ ఎరగని అలవాటుకు అది ఎలా సరిపోతుందన్నది వైద్యులు తేల్చవలసినది. జ్ఞాపకానికి మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంటారు. కరదీపికలోని ఉదాహరణలు పువ్వు, తలుపు అన్న అర్థాలున్న మాటలు, మూడోదిగా ‘రైస్’. మొదటి రెండింటికి పేచీ లేదు. మూడోది తెలుగులో ఒక మాట కాదు. చేలో వరి, కళ్లంలో వడ్లు, డబ్బాలో బియ్యం, పళ్లెంలో అన్నం, ఇంటి మాటలో బువ్వ. కార్యకర్త ‘పువ్వు, తలుపు, అన్నం’ అంటుంది. అయిదు నిమిషాల తరువాత అవ్వ ‘పువ్వు, తలుపు, బువ్వ’ అంటుంది. ఆమెకు రెండు మార్కులా, మూడా అన్నది ముందే రాసిపెట్టి ఉండాలి.